తెచ్చినవి రాసిన గడి

జమ్మిదిన్నె, ఆళ్లగడ్డ దగ్గర
9 జూలై 2025

డాక్టరు మేనకోడలు శ్రీవాణికి, చెవులు పోయినా చేతిరాత పోని మామ శ్రీనివాసులు రాస్తున్నది.

నిన్న మంగళవారం నువ్వు మధ్యాహ్నం బస్సెక్కి నంద్యాలకు పోయిన అరగంటకే ఒక జీపు వచ్చి నీ గది ముందర ఆగింది. నీ గది అంటున్నాను గానీ అది ముందు నా గది. ముప్పై ఒక్క ఏళ్లు అందులో పోస్టుమాస్టరుగా ముద్రలు కొట్టాను. పోస్టాఫీసు ఎత్తేశాక పంచాయతీ వాళ్లు అందులో చీపుర్లు, బ్లీచింగ్ పొడి సంచులు పడేశారు. పోయినేడు సర్కారు నిన్ను వారానికి రెండు రోజులు ఈ ఊరికి వేశాకే దానికి మళ్ళీ సున్నం పడింది. ఆ తలుపు తీసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టు ఉంటుంది.

ముగ్గురు ఆఫీసరు సార్లు దిగారు. నర్సు ఎలిజబెత్ రిజిస్టరు తీసి చూపించింది. ఒక సారు పేజీలు తిప్పి మొహం అదోలా పెట్టాడు. నాకు వినపడదని తెలిసి కాగితం మీద రాసి చూపించాడు, ఇక్కడికి జనం రారా అని. నేను ఊరుకుంటానా?

"ఈడికి యెవురొస్తారు సార్? ఎందుకొస్తారు?" అన్నాను. "మా పాప ముందురోజు సాయంత్రమే వచ్చి మా ఇంట్లోనే పండుకుంటాది. తెల్లారితే మా పంచలో కూచుని ఊరందర్నీ చూసేస్తాది. ఆ పిల్ల ఈ ఊరి ఆడబిడ్డకు పుట్టిన బిడ్డ. దాని ముందర చీటీ పట్టుకుని వరసలో నిలబడేదానికి మాకు సిగ్గుండదా సార్?" అన్నాను.

ముగ్గురూ తలలూపుతూ రాసుకున్నారు. నా మాటలు అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లు ఈ జన్మలో లేరు. ఇంటికి తీసుకెళ్లి మజ్జిగ ఇచ్చాను. నువ్వు కూర్చునే చాప కూడా చూపించాను. నీకు పైనుంచి మెచ్చుకోలు కాగితం వస్తుంది చూడు. అది రాగానే నాకు పంపు, పటం కట్టిస్తాను.

రామయ్య కాలి బొటనవేలి పుండు మూసుకుంటోంది. "పాప కడిగి కట్టు కడతాంటే నొప్పే తెల్లేదప్పా" అని ఊరంతా చెప్తున్నాడంట. మీ అత్త బీపీ బిళ్ళ రోజూ మింగుతున్నానంటుంది (ఆమె పెదాల కదలిక మాత్రం నాకు అర్థమవుతుంది) గానీ డబ్బీలో బిళ్ళలు తగ్గడం లేదు. నువ్వు అడిగితే నేను చెప్పానని చెప్పొద్దు.

నీ జవాబు నీలం ఇన్‌లాండు ఉత్తరంలోనే రావాలి. ఫోను నాకు రాయితో సమానం.

పాత ముద్రల పెట్టె పక్కన కూర్చుని,
మామ



నంద్యాల
14 జూలై 2025

మామా,

వార్డులో నిలబడి రాస్తున్నా, అక్షరాలు అడ్డదిడ్డంగా ఉంటాయి.

వాళ్లు మెచ్చుకోవడానికి రాలేదు. వచ్చే ఏడు నా చదువుకూ, ఆ గదికీ సర్కారు డబ్బు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి వచ్చారు. వద్దనడానికి నువ్వు చెప్పిన మాటలే వాళ్లకు సాకు అవుతాయి.

రెండు పనులు చెయ్యి. ఇకమీద ఇంటికి ఎవరూ రావొద్దని ఊళ్లో చెప్పు. ఆ సార్లు మళ్ళీ వస్తే నువ్వేమీ మాట్లాడొద్దు. నాకు రెండు వారాలు ఇక్కడే డ్యూటీ వేశారు. 22న నా బదులు మా సారు విజయసారథి గారు వస్తారు. నాకు పాఠం చెప్పే పెద్ద డాక్టరు, మంచి మనిషి.

అత్తను బిళ్ళ సగం విరవకుండా మింగమను. నువ్వు చెప్పావని చెప్పనులే.

హడావిడిలో,
శ్రీవాణి



జమ్మిదిన్నె
23 జూలై 2025

శ్రీవాణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంటికి ఎవరూ రావొద్దు, మామా నువ్వు మాట్లాడొద్దు. ఇదేనా రాసేది? ఏడాదిగా ఆ పంచలో కూర్చున్నదానివి నువ్వే. ఒక్కరోజన్నా నిన్ను కూర్చోమని బలవంతం చేశామా? ఉమామహేశ్వరమ్మ, అదే మీ అత్త, పొద్దున్నే లేచి నలభై మందికి కాఫీ కాచింది. ఒక్కసారి మొహం చిట్లించలేదు.

సరే, నువ్వు చెప్పినట్టే చేశాను. ఇంటింటికీ పోయి చెప్పాను, పాప ఇకమీద ఇంట్లో చూడదంట అని. గదికి పోండని కూడా చెప్పాను. రామయ్య ఒక పలక మీద వాళ్ల మనవరాలితో రాయించి చూపించాడు. "మనం దానికి బరువైనాం" అని.

నిన్న మీ విజయసారథి గారు వచ్చారు. గదిలో పదింటి నుంచి రెండింటి దాకా కూర్చున్నారు. మా పంచకూ ఎవరూ రాలేదు, గదికీ ఎవరూ రాలేదు. మొత్తం ఊరు ముడుచుకుంది. ఆయనకు మీ అత్త అన్నం పంపితే తిన్నారు, పాపం. ఆయన మీద ఎవరికీ కోపం లేదు. పరాయి మనిషి ముందు పంచె పైకి లాగి పుండు చూపించేదానికి మొహమాటం, అంతే.

ఇంకో సంగతి. నా కొడుకు శ్రీకాంత్ ఎరువుల లోడు కోసం నంద్యాలకు వచ్చి నిన్ను చూశాడంట. బదిలీ దరఖాస్తు నింపుతున్నావని అక్కడి బంట్రోతు చెప్పాడంట. వాడు వచ్చి ఈ మాట కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. పట్నం పోవాలని ఉంటే పో తల్లీ. ఎవరూ కాళ్లు పట్టుకోరు. కానీ నిజం చెప్పి పో.

మాట్లాడొద్దన్నావు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.
శ్రీనివాసులు



నంద్యాల
30 జూలై 2025

మామా, నా మాట పూర్తిగా చదివి తర్వాత తిట్టు.

ఆ దరఖాస్తు నేను అడిగి తెచ్చుకున్నది కాదు. వాళ్లే ఇచ్చి నింపమన్నారు. గది మూస్తే నన్ను ఎక్కడ వెయ్యాలో వాళ్లకు ముందే ఒక కాగితం కావాలి. శ్రీకాంత్ బావ నన్ను పలకరించి ఉంటే చెప్పేదాన్ని. దూరం నుంచి చూసి పోయాడు.

ఇప్పుడు మొదటినుంచి చెప్తా. నేను చదువుతున్నది కుటుంబ వైద్యం. గుండెకొకరు, కంటికొకరు కాకుండా ఇంటిల్లిపాదినీ ఒకే డాక్టరు ఏళ్ల తరబడి చూసే చదువు. అది పెద్దాసుపత్రిలో మంచాల మధ్య తిరిగితే రాదు, పల్లెలో కూర్చుంటేనే వస్తుంది. అందుకే సర్కారు నా మూడేళ్ల జీతం, మందులు, గది ఖర్చు పెట్టుకుంటోంది. చదువయ్యాక ఐదేళ్లు జమ్మిదిన్నెలోనే ఉంటానని నేను సంతకం పెట్టాను. ఇష్టంగా పెట్టాను మామా. నా తోటివాళ్లు నవ్వారు. వాళ్లకు నీ పంచ తెలియదు కదా.

కానీ ఏటా లెక్క చూస్తారు. గదికి వచ్చినవాళ్ల పేరు, ఆధార్ నంబరు రిజిస్టరులో ఉంటేనే మనిషి వచ్చినట్టు. పదకొండు నెలల్లో రిజిస్టరులో ఉన్నది నూట నలభై ముగ్గురు. షుగరు చూసే స్ట్రిప్పు పుల్లలు మాత్రం తొమ్మిది వందలు ఖర్చయ్యాయి. మిగతావి ఎక్కడికి పోయాయని నాకు మెమో ఇచ్చారు. అవి పంచలో నేను మీ అందరి వేళ్లు పొడిచి చూసినవే. ఒక్కటీ రాసుకోలేదు. తప్పు నాది. గదిలో కూర్చుంటే నేను డాక్టరుని. పంచలో కూర్చుంటే నీ కోడలిని అనుకున్నా. ఇంట్లో వాళ్ల వేలు పట్టుకుని ఎవరైనా రిజిస్టరు రాస్తారా?

ఆగస్టు 20న విచారణ. అప్పటిదాకా నన్ను ఊరికి రావొద్దన్నారు. ఇప్పుడు జనం గదికి వచ్చినా చూసే డాక్టరు లేరు, లెక్కకు రాదు. విజయసారథి సారు నా తరఫున మాట్లాడతారు. నువ్వు దిగులు పడకు, ఏమీ చేయకు. రామయ్య తాతకు చెప్పు, ఆయన నాకు ఎప్పుడూ బరువు కాదని. కట్టు రెండు రోజులకొకసారి ఎలిజబెత్ సిస్టర్‌తో మార్పించుకోమను.

అత్తకు ఫోను చేస్తే "అందురూ బాగుండాము, నువ్వు తిన్యావా" అని పెట్టేసింది. తల తిరుగుతోందా లేదా అడిగి రాయి.

నీ కోపం తగ్గిందని తెలిస్తే నిద్రపోతా,
శ్రీవాణి



జమ్మిదిన్నె
9 ఆగస్టు 2025

అమ్మా శ్రీవాణీ,

నా చెంప నేనే వాయించుకున్నాను. మీ అత్త ఆపింది.

లెక్క సంగతి ఈ ఊళ్లో నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? పోస్టాఫీసు ఎత్తేస్తామన్నప్పుడు రోజుకు ఎన్ని ఉత్తరాలు పోతాయో చూపించమన్నారు. అప్పుడు నేనూ మీ అత్తా ఒకే ఇంట్లో ఉండి నాలుగు నెలలు ఒకరికొకరం ఉత్తరాలు రాసుకున్నాం. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా కార్డు రాశాను. ఆమె ఎదురు కార్డు రాసింది, నువ్వే వేసుకో అని. అయినా చాల్లేదు, ఎత్తేశారు. అంత చూసినవాణ్ణి, నీ రిజిస్టరు ఖాళీగా ఉంటే ఏమవుతుందో నాకు తోచలేదు. పైగా సార్ల ముందు జబ్బలు చరుచుకున్నాను. ఊరి బిడ్డ దగ్గరికి చీటీతో పోవడం అవమానమని నేనే అందరికీ నూరిపోశాను తల్లీ. రామయ్య మొదటివారం చీటీ రాయించుకుంటే, "ఏందప్పా, ఇంటి బిడ్డ తావకు చీటీతో పోతావా" అని చించేసింది కూడా నేనే.

ఏమీ చేయకు అన్నావు. చేతులు కట్టుకుని ఎట్లా కూర్చోను? నేనూ మీ అత్తా నాలుగు రోజులు కూర్చుని, పంచకు వచ్చినవాళ్లందరినీ గుర్తు చేసుకున్నాం. ఆమె ఒక్క మొహం కూడా మర్చిపోలేదు. ఎవరు ఏ రోజు వచ్చారు, ఎవరికి ఏ జబ్బు, నువ్వు ఏం మందిచ్చావు, అన్నీ. పాత రిజిస్టరు పద్ధతిలో గళ్లు గీశాను. రెండు వందల పన్నెండు మంది తేలారు. ఒక్కొక్కరి ఇంటికి పోయి సంతకం, వేలిముద్ర తీసుకున్నాను. రామయ్య కుంటుకుంటూ నాతో పాటు తిరిగాడు, వద్దన్నా వినలేదు.

లెక్కలో దాపరికం ఉంటే పైవాళ్లు నమ్మరు, అది నాకు సర్వీసు నేర్పిన పాఠం. అందుకే ఐదో గడి కూడా గీసి, ఎవరు ఏం తెచ్చారో నిజాయితీగా రాశాను. వరస సంఖ్య ఒకటి ఉమామహేశ్వరమ్మ, బీపీ, తెచ్చినది ఏమీ లేదు, ఇంటి మనిషి. పదిహేడు రామయ్య, షుగరు, వేలి పుండు, తెచ్చినది అలసందకాయలు. నలభై రెండు, పసుపు రైతు, దగ్గు, తెచ్చినది గుడ్లు డజను. ఇట్లా అందరివీ.

నిన్ననే రిజిస్టరు పోస్టులో ఆ ఆఫీసుకే నేరుగా పంపాను. రసీదు భద్రంగా ఉంది. ఇక వాళ్లు ఏ మొహం పెట్టుకుని జనం రారంటారో చూస్తాను.

మీ అత్త తనకు తల తిరగడం లేదంటోంది. గోడ పట్టుకుని నడుస్తూ ఆ మాట చెప్పింది.

గెలుస్తాం తల్లీ,
మామ



నంద్యాల
25 ఆగస్టు 2025

మామా,

ఈ ఉత్తరం రాయడానికి ఐదు రోజులు పట్టింది.

నీ పుస్తకం వాళ్ల బల్ల మీద ఉంది. అంత అందమైన చేతిరాత ఆ ఆఫీసుకు ఎప్పుడూ వచ్చి ఉండదు. మధ్యలో కూర్చున్న ఆయన ఐదో గడి మీద వేలు పెట్టి పైకి చదివాడు. "పదిహేడు, రామయ్య, అలసందకాయలు. నలభై రెండు, గుడ్లు డజను. తొంభై, నాటుకోడి. ఏమ్మా, సర్కారు మందులిచ్చి ఇంట్లో వసూలు చేశావా?" అన్నాడు. కాదు సార్ అన్నా. "మరి ఇవేంటి?" అన్నాడు. కూరగాయలు సార్ అన్నా. గదిలో ఎవరో నవ్వారు. మా మామ ఊళ్లో ఎవరి ఇంటికీ ఎవరూ చేతులూపుకుంటూ పోరు సార్ అని చెప్పా. అది వాళ్లు రాసుకోలేదు.

విజయసారథి సారు గట్టిగా మాట్లాడారు. ఆ పుస్తకం చూసే మా పిల్లలు పాఠం నేర్చుకోవాలన్నారు. చివరికి వాళ్లు ఆయన్నే అడిగారు. మీరు 22న వెళ్లారు కదా, ఎంతమంది వచ్చారు అని. ఆయన అబద్ధం చెప్పలేరు మామా. సున్నా అన్నారు. అని, నా వైపు చూడలేకపోయారు.

వసూళ్ల మాట నిలబడలేదు, హెచ్చరికతో వదిలేశారు. కానీ జమ్మిదిన్నెకు డబ్బు ఆపేశారు. సెప్టెంబరు ఒకటి నుంచి ఆ డబ్బు వేరే జిల్లాలో ఒక ఊరికి పోతుంది. డబ్బుతో పాటు నేనూ పోవాలి. నేను సంతకం పెట్టిన ఐదేళ్లు కూడా ఆ ఊరికే. ఒప్పుకోకపోతే చదువు పోతుంది. రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టేశా. నన్ను తిట్టు, నీకు హక్కుంది.

అక్కడి జనం మంచివాళ్లేనంట. నాకు వాళ్లెవరూ తెలియదు.

నీ మీద కోపం లేదు మామా. ఉండి ఉంటే బాగుండేది, కోపమైతే నాలుగు రోజుల్లో పోతుంది. ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలియడం లేదు, బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడుస్తున్నా.

రామయ్య తాత వారానికొకసారి నంద్యాలకు రావాల్సిందే. పుండు చిన్నదే అని ఊరుకుంటే వేలు పోతుంది. అత్తకు నెలకొకసారి బీపీ చూపించు, కింద చిన్న కాగితంలో మందు పేరు, ఎంత ఉంటే ఎంత వెయ్యాలో రాశా. దాన్ని పటం కట్టించు, మెచ్చుకోలు కాగితం బదులు.

నీ కోడలే,
శ్రీవాణి



జమ్మిదిన్నె
12 నవంబరు 2025

కొత్త ఊళ్లో కుదురుకుని ఉంటావని తలచే డాక్టరు కోడలికి,

రెండు నెలలు రాయలేదు. రాసేదానికి మంచి మాట దొరకలేదు. ఇప్పుడూ దొరకలేదు గానీ నువ్వు ఎదురుచూస్తుంటావని మీ అత్త పోరు పెట్టింది.

రామయ్యకు బొటనవేలు, పక్క వేలు తీసేశారు. మూడు వారాలు నంద్యాలకు పోయాడు. పొద్దున బస్సెక్కితే రాత్రికి వచ్చేవాడు. నాలుగో వారం పసుపు చేనులో నీళ్లు కట్టే వంతు వచ్చింది, పోలేదు. ఐదో వారం జ్వరం, పోలేదు. ఆరో వారం తీసుకుపోయేసరికి డాక్టర్లు ఇంక లాభం లేదన్నారు. నిన్ను ఒక్క మాట అనలేదు. నన్నూ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మీ అత్త ఇప్పుడు బిళ్ళ విరవకుండా మింగుతోంది. శ్రీకాంత్ ఖాళీ అట్ట చూపించి ఆళ్లగడ్డలో కొనుక్కొస్తాడు. కానీ మింగాక కళ్లు తిరుగుతున్నాయంటుంది. ఎక్కువైందో తక్కువైందో తెలియదు. నువ్వు రాసిన కాగితంలో నంబర్లు ఉన్నాయి, ఆ నంబరు చూసే మిషను మా దగ్గర లేదు, గదిలోదీ పైవాళ్లు పట్టుకుపోయారు. ఆపాలా, ఇవ్వాలా? రోజూ బిళ్ళ చేతిలో పెట్టుకుని కాసేపు నిలబడతాను. తర్వాత ఇస్తాను.

అసలు చెప్పాల్సింది ఇది. నువ్వు పోయిన రెండో మంగళవారం గది తలుపు తీసి ఉంది. ఎలిజబెత్ టీకాల రోజని వస్తూనే ఉంది కదా. రామయ్య భార్య ఆధార్ కార్డు పట్టుకుని పోయి వరసలో నిలబడిందంట. వెనకాల ఇంకో పదిమంది. ఎలిజబెత్ బిత్తరపోయి, "డాక్టరమ్మ లేదు గదక్కా, నేనేం రాయాల?" అందంట. "పేరు రాయమ్మా. మేం వచ్చినామని రాయి. అప్పుడు రాలేదు గదా, ఇప్పుడు వస్తాండాం" అందంట ఆమె. ఇదంతా ఎలిజబెత్ నాకు కాగితం మీద రాసి చూపిస్తూ కళ్లు తుడుచుకుంది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం పోతున్నారు. చీటీ అడిగేదానికి సిగ్గన్నవాళ్లంతా ఎండలో వరసగా నిలబడుతున్నారు. ఎలిజబెత్ రాయలేక నన్ను పిలిచింది. నా పాత బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. పేరు, ఆధార్, జబ్బు. నిన్న డెబ్బై ముగ్గురు వచ్చారు. రామయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. వాడిది మళ్ళీ పదిహేడో నంబరు, వాడు అడిగి మరీ ఆ చోట నిలబడ్డాడు.

ఈసారి తెచ్చినవి రాసే గడి గీయలేదు. ఎవరూ ఏమీ తేవడం లేదు, ఎవరికని తేవాలి? ఆ చోట డాక్టరు సంతకం అని గడి గీశాను. ఎవరన్నా చూస్తే పూర్తి చేస్తారని.

నిన్న పుస్తకం అయిపోయింది. గుడ్డ కవరులో పెట్టి, కుట్టి, లక్క వేసి, తూకం చూసి స్టాంపులు అంటించాను. పై ఆఫీసుకు పంపుదామంటే నా పోయిన పుస్తకం ఏం చేసిందో తెలుసు కదా. నీకు పంపుదామంటే నీ చేతిలో ఏముంది? ముప్పై ఒక్క ఏళ్లు చిరునామా లేని కవరు వస్తే నేనే పక్కన పడేసేవాణ్ణి. ఇప్పుడు అలాంటిది నా ముందే ఉంది. ఎవరి పేరు రాయాలో నువ్వు చెప్పమ్మా.

వచ్చే మంగళవారం దాకా ఆగుతాను,
మామ